ముందు తూము, తర్వాత తారు

(కోనసీమలో మన సంఘం జరిపిన రైతు శిక్షణ తరగతిలో, రహదారుల ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఒక మిత్రుడు చేసిన ప్రసంగానికి రాతరూపం ఇది. మాట తీరు చాలావరకు అలాగే ఉంచాం. - సంపాదకవర్గం)



పొద్దున్న నేను రాగానే కార్యదర్శి గారు ఒక కాగితం చేతిలో పెట్టారు. మన ఊళ్ల మీదుగా సముద్రం వైపు పోయే రోడ్డు గురించి కలెక్టరు గారికి ఇవ్వబోయే అర్జీ అది. "రోడ్డును రెండు అడుగులు ఎత్తు పెంచి కొత్తగా తారు వేయించాలి" అని రాశారు. కింద మూడు ఊళ్ల రైతుల సంతకాలున్నాయి. నన్నూ ఒక సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. కార్యదర్శి గారు కాస్త చిన్నబుచ్చుకున్నట్టున్నారు. ఎందుకు పెట్టలేదో చెప్పడానికే నాకిచ్చిన ఈ గంటా వాడుకుంటాను.

ముందుగా మనం ఎక్కడున్నామో గుర్తు చేసుకుందాం. ధవళేశ్వరం దిగిన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలైంది. వశిష్ఠలోంచి మళ్లీ వైనతేయ చీలింది. అటూ ఇటూ ఏరు, కింద సముద్రం. మనం ఉన్నది ద్వీపం. వంతెనలు వచ్చాక ఆ సంగతి మరిచిపోయాం. జొన్నాడ, సిద్ధాంతం దగ్గర వంతెనలు, యానాం-ఎదుర్లంక వంతెన, దిండి-చించినాడ వంతెన, వైనతేయ మీద బోడసకుర్రు-పాశర్లపూడి వంతెన, ఇవన్నీ వచ్చాక బస్సెక్కి కూర్చుంటే ఏరు దాటినట్టే తెలియదు. పంటు కోసం రేవులో గంటల తరబడి నిలబడ్డ రోజులు ఇక్కడున్న పెద్దలకు తెలుసు. సఖినేటిపల్లి వాళ్లకు ఆ పంటు కష్టం ఇంకా ఎన్నేళ్లు సాగిందో కూడా తెలుసు.

మనం మరిచిపోయినా రోడ్డు మాత్రం ద్వీపం మీదున్న సంగతి మరిచిపోలేదు. కోనసీమలో ఒక్క కొండ లేదు. రోడ్డులో పడే ప్రతి కంకర రాయీ, గ్రావెల్ లోడూ ఏరు దాటి మెట్ట ప్రాంతం నుంచి రావలసిందే. మా ఎస్టిమేట్లలో దాన్ని లీడు అంటాం, అంటే రాయిని క్వారీ నుంచి పని దగ్గరకు మోసే దూరం. మెట్టలో క్వారీ పక్కన వేసే కిలోమీటరుకూ, అంతర్వేది దారిలో వేసే కిలోమీటరుకూ పనిలో తేడా ఉండదు, ఖర్చులో ఉంటుంది. అదే డబ్బుతో వాళ్లకు ఎక్కువ దూరం రోడ్డు పడుతుంది, మనకు తక్కువ పడుతుంది. ఇక కింద ఉన్నదేమిటి? ఒండ్రు బంకమట్టి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. రోడ్డు అంచున పొడుగ్గా పగులు కనిపిస్తే తారు బాగాలేదని తిట్టుకుంటాం. చాలాసార్లు అది తారు పగులు కాదు, కింద మట్టి ముడుచుకున్న పగులు.

ఇంజనీర్లు రోడ్డు మందం లెక్క కట్టడానికి అడుగు మట్టి తెచ్చి బలం పరీక్షిస్తారు. ఆ పరీక్షకు ముందు మట్టిని బాగా దట్టించి, నాలుగు రోజులు నీళ్లలో నానబెడతారు. నానిన తర్వాత ఎంత బలం మిగిలిందో అదే లెక్క. పొడిగా ఉన్నప్పుడు గడ్డపారకు లొంగని మన బంకమట్టి, నాలుగు రోజులు నానితే బొటనవేలికి దిగిపోతుంది. అందుకే పద్ధతి ప్రకారం, రోడ్డు కింద దట్టించిన మట్టి పొర అడుగుభాగం ఆ చుట్టుపక్కల నిలిచే అత్యధిక నీటిమట్టానికి కనీసం రెండు అడుగులు పైన ఉండాలి. మీరు అర్జీలో అడిగిన రెండు అడుగులు ఊరికే వచ్చిన కోరిక కాదని నాకు తెలుసు. ఆ కోరికలో న్యాయముంది. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

ముందు ఒక ప్రశ్న. మీరు అర్జీ ఇస్తున్న రోడ్డు ఎవరిది?

(సభలో ఒకరు "గవర్నమెంటుదండి" అన్నారు. నవ్వులు.)

గవర్నమెంటుదే. కానీ గవర్నమెంటులో ఎవరిది? జాతీయ రహదారి 216 మన అమలాపురం, రాజోలు మీదుగా పోతుంది. దానికి కేంద్రం డబ్బు, దాని అధికారులు వేరు. రాష్ట్ర రహదారులు, జిల్లా పెద్ద రోడ్లు రోడ్లు భవనాల శాఖవి. ఊరికీ ఊరికీ మధ్య రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. ఊళ్లో సిమెంటు వీధులు గ్రామ పంచాయతీవి. ఇవన్నీ ఏ జిల్లాలోనైనా ఉండేవే. మన దగ్గర ఇంకొకటి ఉంది. మనం నడిచే దారుల్లో ఎన్నో కాలువ గట్ల మీదా, ఏటిగట్టు మీదా ఉన్నాయి. ఆ గట్లు జలవనరుల శాఖవి. పైన తారు ఒకరిది, కింద గట్టు ఇంకొకరిది. గట్టు జారితే రోడ్ల వాళ్లు "గట్టు మాది కాదు" అంటారు, గోతులు పడితే గట్టు వాళ్లు "తారు మాది కాదు" అంటారు. ఇద్దరి మాటా నిజమే. అందుకే అర్జీ తప్పు గుమ్మంలో పడి, అక్కడి నుంచి "తగు చర్య నిమిత్తం" అనే ముద్రతో ఇంకో ఆఫీసుకి పోయి, ఈలోగా సార్వా అయిపోతుంది. అర్జీ రాయక ముందు ఆ రోడ్డు ఏ శాఖ రిజిస్టరులో, ఏ నంబరుతో, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా ఉందో రాసుకోండి. మీ కాగితంలో ఆ ముక్క లేదు. 2022లో కోనసీమ విడిగా జిల్లా అయ్యాక ఇవన్నీ అమలాపురంలోనే తెలుసుకోవచ్చు. ఇదివరకులా కాకినాడ పరుగెత్తక్కర్లేదు.

ఇక రోడ్ల శాఖ ఏడాది పొడవునా చేయాల్సిన పని ఏమిటో చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో తూముల్లో పూడిక తీయాలి, పక్క కాలువలు తవ్వాలి, బెర్ములు, అంటే తారుకి అటూ ఇటూ ఉండే మట్టి అంచులు, సరిచేయాలి, ముళ్లకంప కొట్టాలి. వానలు మొదలయ్యాక వేడి తారు పని చేయకూడదు. తడి మీద తారు పట్టదు. అప్పుడు గోతుల్లో కంకర, రాతిపొడి వేసి నెట్టుకురావాలి. మనకు నైరుతి వానలతో అయిపోదు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయముంటుంది. కాబట్టి కోనసీమలో తారు పనికి గట్టిగా పనికొచ్చేది డిసెంబరు నుంచి మే దాకానే. ఆ ఆరు నెలల్లో గోతులు పక్కాగా పూడ్చాలి, కాలం తీరిన రోడ్ల మీద పై పొర మళ్లీ వేయాలి. దాన్ని రెన్యువల్ అంటాం. తారు రోడ్డుకి అయిదారేళ్లకోసారి అది జరగాలి. ఇంటికి వెల్ల వేయించినట్టన్నమాట. ఇది కాక, వరదలకీ తుపాన్లకీ దెబ్బతిన్న చోట్ల తాత్కాలిక మరమ్మతులు, తర్వాత శాశ్వత మరమ్మతులు.

కాగితం మీద ఇది చక్కగా ఉంటుంది. జరిగేది ఏమిటంటే, ప్రతిపాదన వెళ్లి, పరిపాలనా అనుమతి వచ్చి, టెండరు పిలిచి, ఒకరూ రాక మళ్లీ పిలిచి, ఒప్పందం అయ్యేసరికి మే నెల. కాంట్రాక్టరు కంకర తోలేసరికి తొలకరి. మార్చి 31కి ఖర్చు కాని పద్దు మురిగిపోతుందన్న భయం ఇంకోవైపు. నా ఉద్యోగంలో సగం కాలం ఈ క్యాలెండరుకీ ఆ క్యాలెండరుకీ మధ్య పరుగెత్తడంతోనే సరిపోయింది. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు టెండరు వేయని ఏళ్లు కూడా చూశాం.

ఇంకొక మాట చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రోడ్డుకి గ్యాంగ్ కూలీలు ఉండేవారు. ఒక్కో బృందానికి కొన్ని కిలోమీటర్లు. పార, గంప, కొడవలి వాళ్ల ఆయుధాలు. వాన కురిసిన రాత్రి తెల్లారేసరికి పార పట్టుకుని రోడ్డు మీద ఉండేవారు. అంచున నీరు నిలిస్తే చిన్న గండి పెట్టి పక్కకి దించేవారు. అంతే పని. ఆ పారదెబ్బకి ఖర్చు ఏమీ లేదు. అది లేకపోతే ఆ నీరు తారు కిందికి దిగి, నెల తిరక్కుండా గొయ్యవుతుంది. వాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. ఆ స్థానాల్లో కొత్తవాళ్లను వేయలేదు. జీతాలు మిగిలాయని లెక్క చూపించారు. ఆ మిగులు గోతుల్లో ఎంత పోయిందో ఎవరూ లెక్క కట్టలేదు. 1996 నవంబరు 6 తుపానుకి మన కొబ్బరి చెట్లు రోడ్లకడ్డంగా పడితే, గొడ్డళ్లు పట్టుకుని మొదట దారి చేసినవాళ్లలో ఈ గ్యాంగ్ కూలీలూ, మీ ఊళ్ల కుర్రాళ్లూ ఉన్నారు. అప్పుడు మా దగ్గర యంత్రాలు ఎన్నున్నాయి గనుక!

డబ్బు సంగతి. రోడ్డుకి డబ్బు లేదంటే మనం ఊరికే ఒప్పుకోనక్కర్లేదు. 2020 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో లీటరు పెట్రోలు మీదా, డీజిలు మీదా రూపాయి చొప్పున రోడ్డు అభివృద్ధి సెస్సు వేశారు. ఆ రాబడిని చూపించి రహదారి అభివృద్ధి సంస్థ బ్యాంకు రుణం తెచ్చి రోడ్ల పని కూడా చేసింది. కేంద్రం కూడా ఇంధనం మీద రోడ్డు సెస్సు తీసుకుంటుంది. దమ్ము ట్రాక్టరుకి, వరికోత మిషనుకి, కాయ తోలే వ్యానుకి పోసే ప్రతి లీటరు మీదా మనం కడుతూనే ఉన్నాం. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు రోడ్డు మీద తిరగదు, చేలో తిరుగుతుంది. అయినా రోడ్డు సెస్సు కడుతున్నాం. కాబట్టి అడిగే హక్కు మనకు గట్టిగానే ఉంది. అడిగేది ఏమిటన్నదే నా బాధ.

రోడ్డు పైనుంచి చావదు, పక్కనుంచి చస్తుంది. మన ఊరి రోడ్డు తారు వెడల్పు 3.75 మీటర్లు. మధ్య భాగం అంచుల కంటే రెండు అంగుళాలకు పైగా ఎత్తుండాలి, వాన నీరు అటూ ఇటూ జారిపోవడానికి. మట్టి అంచు దానికంటే కొంచెం ఎక్కువ వాలుగా ఉండాలి. ఇప్పుడు మన రోడ్డు మీద ఏముంది? అంచు మట్టి తారు కంటే ఎత్తు. గడ్డి పెరిగి గట్టు కట్టింది. పడిన నీరు పోవడానికి దారి లేక తారు మీదే నిలుస్తోంది. కొన్ని చోట్ల అంచును మనవాళ్లే తవ్వి ఇంటి మెరకకు మట్టి తీసుకున్నారు. అక్కడ తారు అంచు గాల్లో ఉంది, లారీ చక్రం ఎక్కగానే విరిగింది. ఇంకొన్ని చోట్ల రోడ్డుని ఆనుకునే రొయ్యల చెరువు. చెరువు గట్టూ రోడ్డు గట్టూ ఒకటే. ఏడాది పొడవునా నీరు నిలబెడితే రోడ్డు కింద మట్టి ఎప్పుడు ఆరుతుంది? నాలుగు రోజుల నానబెట్టే పరీక్ష చెప్పాను కదా, ఇక్కడ ఆ పరీక్ష మూడువందల అరవై అయిదు రోజులూ జరుగుతోంది. చెరువుకీ రోడ్డుకీ మధ్య ఎడం వదిలి, మధ్యలో ఊట కాలువ తీయాల్సిన బాధ్యత చెరువు వేసినవాళ్లది. చెరువులు వేసినవాళ్లలో మన సంఘం సభ్యులూ ఉన్నారు, అందుకే ఈ మాట ఇక్కడే అంటున్నాను.

ఇంకో రెండు మాటలు కూడా మన మీదే. దమ్ము చక్రాలు తీయకుండా ట్రాక్టరుని తారు మీద నడపడం. చేను మారడానికి అర కిలోమీటరే కదా అనుకుంటాం. ఆ ఇనప రెక్కలు తారు పొరను సూదిపోట్లు పొడిచినట్టు పొడుస్తాయి, ఆ రంధ్రాల్లోంచి వాన దిగుతుంది. రెండోది, రోడ్డు అడ్డంగా కోసి గొట్టం వేసుకోవడం. గొట్టం వేసుకోవద్దని కాదు. కోసిన గాడిని మట్టితో నింపి వదిలేస్తున్నాం. పొరలు పొరలుగా దట్టించి, పైన తారు వేయించకపోతే ఆ గాడి దగ్గర మొదలైన గొయ్యి రెండేళ్లలో పది గజాలవుతుంది.

బరువుల సంగతి కూడా విని తీరాలి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా ఒక పెద్ద పరీక్ష చేశారు. రకరకాల రోడ్లు వేసి, రకరకాల బరువుల లారీలను రాత్రీ పగలూ తిప్పి చూశారు. తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకి తగిలే దెబ్బ రెట్టింపు కాదు, దాదాపు పదహారు రెట్లు. ఈ లెక్క ఇప్పటికీ రోడ్ల డిజైనులో వాడుతున్నాం. మన దేశంలో 2018లో ఒక్కో ఇరుసుకి అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. చట్టం ఒప్పుకున్న బరువే అంత పెరిగితే, ఇసుక టిప్పర్లు దానికి మించి మోస్తే ఏమవుతుందో లెక్క వేసుకోండి. మోటారు సైకిళ్లూ, ఆటోలూ, మన కొబ్బరికాయల వ్యాన్లూ ఏడాదంతా తిరిగి చేసే నష్టం, ఇసుక ర్యాంపు తెరిచిన పదిహేను రోజుల్లో టిప్పర్లు చేసేస్తాయి. పల్లె రోడ్డు ఆ బరువుకి కట్టింది కాదు. ర్యాంపుకి దారి ఇచ్చేటప్పుడే ఆ దారి ఖర్చు ఎవరు భరిస్తారో రాయించుకోవాలి. ఇది సంఘం అడగాల్సిన మాట.

ఇప్పుడు రెండు అడుగుల దగ్గరకు వస్తాను.

నేను కుర్ర ఇంజనీరుగా ఉన్నప్పుడు, పేరు చెప్పను గానీ ఇలాంటి డెల్టాలోనే, ఏటా మునిగే ఒక రోడ్డును ఎత్తు చేసే పని నా చేతికి వచ్చింది. మంజూరైన డబ్బుకి పని సరిపోవడం లేదు. ఎస్టిమేటులో ఆరు కొత్త తూములున్నాయి. నాలుగు తీసేశాను. ఆ డబ్బుతో ఇంకో ఆరువందల మీటర్లు తారు పడింది. ప్రారంభోత్సవానికి దండలు వేశారు, నాకూ ఒకటి వేశారు. మరుసటి సార్వాలో నాట్లు పూర్తయిన వారానికి వాయుగుండం పట్టింది. మూడో రోజు పొద్దున్నే కబురు వచ్చింది, రోడ్డుకి గండి కొట్టేశారని. వెళ్లి చూస్తే రెండు చోట్ల అడ్డంగా తెగ్గొట్టి ఉంది. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం అని పోలీసులకు కాగితం రాసింది నేనే.

రెండు రోజుల తర్వాత ఒక ముసలాయన ఆఫీసుకి వచ్చాడు. "బాబూ, ఒక్కసారి చేలోకి రండి, తర్వాత ఏ కేసైనా పెట్టుకుందురుగాని" అన్నాడు. వెళ్లాను. రోడ్డుకి పైవైపు చేలు మొలలోతు నీళ్లు. కిందివైపు చేలలో వరి పచ్చగా నిలబడి ఉంది. మధ్యలో నేను కట్టిన ఆనకట్ట. అది రోడ్డనుకుని కట్టాను. "పాత రోడ్డు పల్లంగా ఉన్నప్పుడు నీళ్లు దాని మీంచే పొర్లి పోయేవండి. మేం తిట్టుకుంటూ దాటేవాళ్లం గానీ చేను దక్కేది. ఇప్పుడు మీ రోడ్డు దక్కింది" అన్నాడాయన. నేను కేసు వెనక్కి తీసుకోమని రాశాను. తెగ్గొట్టిన ఆ రెండు చోట్లా తూములు వేయించాను. కానీ ఆ ఏడు మునిగిన చేలకు నేనేమీ చేయలేకపోయాను. ఆ రైతుల్లో కౌలుదార్లే ఎక్కువ, పరిహారం జాబితాలో వాళ్ల పేర్లే లేవు.

మీ రోడ్డు లెక్క చూడండి. ఎకరం మీద పది సెంటీమీటర్ల వాన పడితే అది నాలుగు లక్షల లీటర్ల నీరు. రోడ్డుకి పైవైపు ఒక తూము మీద ఆధారపడ్డ ఆయకట్టు రెండువందల ఎకరాలనుకుందాం, ఎనిమిది కోట్ల లీటర్లు. మూడు రోజుల్లో దించాలంటే సెకనుకి మూడువందల లీటర్లకు పైగా పోవాలి. మన నేల బల్లపరుపు, నీటికి వాలు లేదు, గొట్టంలో సెకనుకి అరమీటరు వేగంతో పోతే గొప్ప. అరవై సెంటీమీటర్ల గొట్టం ఆ వేగంతో సెకనుకి నూటనలభై లీటర్లే దాటిస్తుంది. అంటే మూడు రోజుల పని ఆరు రోజులు దాటుతుంది. అందులో సగం పూడిక ఉంటే పదమూడు రోజులు. కొత్తగా నాటిన చేను వారం నిండా మునిగితే ఏమవుతుందో నేను మీకు చెప్పక్కర్లేదు. అదే మీటరు గొట్టమైతే మూడు రోజుల్లోపే దించుతుంది. పైగా మనిషి వంగి లోపలికి వెళ్లి పూడిక తీయొచ్చు. రెండు గొట్టాల ధరలో తేడా, ఒక్క ఎకరం పంటతో పోల్చినా పెద్ద సొమ్ము కాదు.

2011లో ఇదే కోనసీమ రైతులు సార్వా సాగు చేయం, క్రాప్ హాలిడే అని ప్రకటించినప్పుడు దేశమంతా మన వైపు చూసింది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చుతో పాటు ముంపు కూడా అప్పటి కారణాల్లో ఒకటి. కూనవరం, పంచనది డ్రెయిన్ల గురించి, సముద్రం దగ్గర మొగలు పూడుకుపోవడం గురించి మన సంఘం ఎన్ని వినతులిచ్చిందో ఇక్కడివారికి తెలుసు. డ్రెయిను దాకా నీరు చేరాలంటే మధ్యలో ఎన్ని రోడ్లు దాటాలో మాత్రం మనం ఎప్పుడూ లెక్కపెట్టలేదు. రోడ్ల శాఖ రోడ్డు చూస్తుంది, డ్రెయిన్ల విభాగం డ్రెయిను చూస్తుంది. రెంటికీ మధ్య ఉన్న చేను చూసేది మనమే.

ఊళ్లో సంగతి కూడా ఇదే. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తూ పోతే ఇళ్లు పల్లమవుతాయి, వీధి నీరు అరుగెక్కి వంటింట్లోకి వస్తుంది. పాత పొర తవ్వి తీసి ఆ మట్టానే కొత్తది వేయమని అడగండి. కొంచెం ఖర్చవుతుంది, కానీ గడప దక్కుతుంది.

లంకల వాళ్లు కొందరు ఈ సభలో ఉన్నారు, వాళ్ల బాధ వేరు. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, పదమూడు లక్షలకు రెండోది, పదిహేడు లక్షలకు మూడోది. మూడోదాకా ఎందుకు, అంతకు ముందే లంకల కాజ్‌వేలు మునిగిపోతాయి. 2022 జులైలో వరద పాతిక లక్షలు దాటినప్పుడు ఏం జరిగిందో చూశాం. పి.గన్నవరం దగ్గర బూరుగులంక, అరిగెలవారిపేట, ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక వాళ్లు ఏటిపాయలో ఏటా మట్టితో తాత్కాలిక గట్టు వేసుకోవడం, జులైలో వరద రాగానే అది కొట్టుకుపోవడం, మళ్లీ పడవ ఎక్కడం. ఏటా వేసే మట్టి, ఏటా పోయే మట్టి. అలాంటి చోట ఎత్తు పెంచమని అడగడం దండగ, వంతెనే అడగాలి. వంతెన వచ్చేదాకా పడవలూ, లైఫ్ జాకెట్లూ, గర్భిణులను ముందే ఒడ్డుకి చేర్చే ఏర్పాటూ అడగాలి. మునిగి తేలే చప్టా ఉన్నచోట దాన్ని తారుతో కాదు, కాంక్రీటుతో కట్టి, రెండు పక్కలా రాతి కట్టుబడి చేసి, లోతు తెలిపే స్తంభాలు పాతమనాలి. నీళ్లు స్తంభం మీది గుర్తు దాటితే ఎవరూ దిగకూడదు.

పని జరిగేటప్పుడు మీరు చూడాల్సినవి కూడా చెబుతాను. గొయ్యి పూడ్చేవాళ్లు పైపైన తారు కంకర పోసి రోలరు తిప్పితే అది పూడ్చడం కాదు. గొయ్యిని గట్టి అంచు దాకా చదరంగా, నిటారుగా కోయాలి, ఊడ్చాలి, తడి లేకుండా చూడాలి, లోపల పల్చగా తారు పూయాలి, లోతుగా ఉంటే రెండు పొరలుగా వేసి దట్టించాలి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు అయిదేళ్ల నిర్వహణ బాధ్యత కాంట్రాక్టరుదే. ఆ సంగతి బోర్డు మీద రాసి ఉంటుంది, బోర్డు ఉంటే. మిగతా పనుల హామీ కాలం ఒప్పందంలో ఉంటుంది. ఒప్పందం, ఎస్టిమేటు, ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం, సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇవ్వాలి. ఎస్టిమేటులో తూములు ఎన్ని, ఏ కిలోమీటరు దగ్గర, గొట్టం వ్యాసం ఎంత అన్నది పని మొదలవక ముందే చూడండి. మొదలయ్యాక తూము కలపడం ఎంత కష్టమో నాకు తెలుసు. తీసేయడం ఎంత సులువో కూడా తెలుసు.

కాబట్టి ఆ అర్జీ ఇలా మారిస్తే నేను సంతకం పెడతాను. రోడ్డు పేరు, శాఖ, కిలోమీటర్లు పైన రాయండి. మొదటి కోరికగా, ఇప్పుడున్న తూముల పూడిక మే నెలాఖరులోగా తీయించాలని రాయండి. రెండోది, ఏటా నీరు రోడ్డు మీంచి పొర్లే చోట్లన్నిటిలో మీటరు గొట్టాలకు తగ్గకుండా తూములు వేయించాలి, ఆ చోట్లను డ్రెయిన్ల ఇంజనీరు, రోడ్ల ఇంజనీరు, రైతులు ముగ్గురూ కలిసి నడిచి గుర్తించాలి. మూడోది, బెర్ములు చెక్కి వాలు సరిచేయించాలి. ఇవన్నీ ఒప్పుకున్న తర్వాతే ఎత్తు పెంచి తారు వేయాలని రాయండి. అడుగున మన వైపు నుంచి కూడా ఒక వాక్యం ఉండాలి. దమ్ము చక్రాలతో తారు ఎక్కబోమనీ, చెరువు గట్లు ఎడం చేసుకుంటామనీ సంఘం తీర్మానం జతచేయండి. అది చదివిన అధికారికి మిగతా కాగితం కూడా చదవాలనిపిస్తుంది.

అర్జీకి జాబితా కావాలి. ఆదివారం పొద్దున్న ఆరింటికి నేను రావిచెట్టు సెంటర్లో ఉంటాను. పార ఒకటి, టేపు ఒకటి, నోటు పుస్తకం ఒకటి తెచ్చుకుందాం. ప్రతి తూము దగ్గరా ఆగి గొట్టం కొలుద్దాం, పూడిక ఎంతుందో రాసుకుందాం. పోయిన ఏడాది నీరు ఎక్కడెక్కడ పొర్లిందో ఆ పక్క చేల రైతులే చూపించాలి, అది ఏ రిజిస్టరులోనూ లేదు. కౌలు చేసేవాళ్లను కూడా తప్పకుండా తీసుకురండి.